పులి కాదని ఇంకా నిరూపణ కాలేదు

ఒక వ్యక్తి మరణించినప్పుడు ఆ వార్తను స్వీకరించుటకు ఒక పద్ధతి ఉన్నది. వార్త తెచ్చినవారు ముందుగా ఆధారం చూపవలెను. విన్నవారు ఆ ఆధారాన్ని పరిశీలించి, తృప్తి చెందిన పిమ్మటనే దుఃఖించవలెను. ఆధారం చూడక మునుపే కంటతడి పెట్టుకొనుట క్రమవిరుద్ధం. ఈ పద్ధతి తెనాలిలోని మా కాలనీ సంక్షేమ సంఘం నిబంధనలలో ఎక్కడా లేదు. మా పక్కింటి మేడమ్ గారు నేర్పినది. కనుక ఆమె మరణవార్తకు కూడా దానినే వర్తింపజేయడమైనది.

వార్త తెచ్చినది వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ.

“మేడమ్ గారు పోయారండి.”

“ఎవరు చూశారు?”

“నేనేనండి.”

“ఎంత దూరం నుంచి?”

“ఏం మనిషండీ మీరు! మంచం పక్కన నిలబడి చూశానండి. నిద్రలోనే పోయారంట.”

“నిద్ర కాదని ఎలా తెలిసింది?”

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. “కాటన్ చీర మడత తిరగేసి పెట్టానని చెవి దగ్గర చెప్పానండి. మడత తప్పితే ఊరుకోని మనిషండి. లేవలేదు.”

ఆధారం చాలినది. సంఘం కార్యదర్శి హోదాలో చేయవలసిన పనులు చాలా ఉన్నా, నేను ఆ బండి పక్కనే అరుగు మీద కూర్చుండిపోయాను.

మేడమ్ గారి వృత్తి అనుమానం. జీతం మాత్రం జంతుశాస్త్రానికి ఇచ్చేవారు. బాపట్లలో ఒక కాలేజీలో పాఠం చెప్పి, మిగిలిన కాలమంతా రేపల్లె దాటి సముద్రం దాకా కాలువ గట్ల వెంట తిరిగేవారు. నక్కలు, నీటికుక్కలు, బావురుపిల్లులు ఏం తిని బతుకుతున్నాయి, ఎక్కడినుంచో వచ్చి పాతుకుపోయిన మొక్కలు వాటి చోటును ఎంత మింగాయి అన్నది ఆమె పరిశోధన. బావురుపిల్లి అంటే నీళ్లలో దిగి చేపలు పట్టే అడవిపిల్లి. ఒళ్లంతా మచ్చలు, ఊరకుక్కంత మనిషి. మనిషి అన్నది ఆమె మాటే. దిద్దే అధికారం నాకు లేదు.

ఆమె మా కాలనీకి వచ్చిన కొత్తలో మేడ మీద ఏవో పొట్లాలు ఎండబెట్టడం సభ్యుల దృష్టికి వచ్చింది. నాటుమందులని కొందరు, చేతబడి అని మరికొందరు అభిప్రాయపడ్డారు. విచారణ నిమిత్తం నా నాయకత్వంలో ఒక బృందం మెట్లెక్కింది.

“ఇవి ఏంటండి?”

“పెంటండి.”

“ఎవరిది?”

“అదే తెలుసుకుందామని.” ఆమె ఒక పొట్లం విప్పి మా ముక్కు దాకా తెచ్చారు. “నీటికుక్కదని చెప్పి ఇచ్చారు. నాకు అనుమానం. ఇందులో ఎలుక వెంట్రుకలున్నాయి చూడండి. మీకేమనిపిస్తోంది, కార్యదర్శి గారూ?”

నాకేమనిపించిందో మినిట్స్‌లో నమోదు చేయలేదు. బృందం దిగివచ్చి, మేడపై జరుగుతున్నది విద్యా సంబంధమైన కార్యక్రమమని ఏకగ్రీవంగా తీర్మానించింది.

మొక్కల విషయంలో ఆమె మరింత కఠినం. మా ఇంటావిడ కాలువలో పూసిన గుర్రపుడెక్కను ఊదారంగు పువ్వు బాగుందని తొట్టెలో తెచ్చి పెంచుకుంటే, మేడమ్ గారు గేటు దగ్గరే ఆగిపోయారు. “చెల్లెమ్మా, ఈ అతిథి ఎవరు?” అన్నారు. సాయంత్రానికల్లా అతిథి మా గోడ మీద ఎండుతున్నది. ఆ తర్వాత మా ఇంటావిడ చాలా రోజులు ఆమెను అనుమానంగానే చూసింది. “వేరే ఊరి నుంచి వచ్చినందుకు కాదమ్మా నా గొడవ. నేనూ వేరే ఊరిదాన్నే. వచ్చాక ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుందో చూడాలి,” అని ఆమె సంజాయిషీ ఇచ్చుకున్నారు.

ఆమెకు బద్ధశత్రువు సర్కారు తుమ్మ. సముద్రం దగ్గర అడవులదీవి ఊరి వైపు రొయ్యల చెరువుల గట్లన్నీ ఆ ముళ్ల పొదలే. ఒకప్పుడు అక్కడ ఉప్పునీటిలో పెరిగే మడచెట్లు ఉండేవని, తుమ్మను తీసేస్తే అవి తిరిగి వస్తాయని ఆమె ఆ చుట్టుపక్కల అందరికీ చెప్పేవారు. ముఖ్యంగా ఒక చెరువుల రైతుకు. ఆయన్ను బాబాయ్ అని పిలిచేవారు. ఆయన మాట ఒక్కటీ నమ్మేవారు కాదు.

“పేరులోనే సర్కారు ఉందండి. రేపు కొట్టాక ఎవడన్నా వచ్చి మా చెట్టేదంటే?” అని ఆయన వాయిదా వేసేవాడు.

“పేరు పెట్టినంత మాత్రాన పట్టా ఇచ్చినట్టా, బాబాయ్?”

ఈ సంభాషణ కొన్నేళ్లు నడిచింది. చివరికి ఒక వేసవిలో ఆయన ఒప్పుకుని జేసీబీ మాట్లాడాడు. సాక్షిగా ఉండమని మేడమ్ గారు నన్ను రేపల్లె పాసింజరు ఎక్కించారు. అక్కడ దిగి ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా ఆమె పెళ్లికి వెళ్తున్నట్టున్నారు.

మేం వెళ్లేసరికి యంత్రం సిద్ధంగా ఉంది. రైతు సిద్ధంగా ఉన్నాడు. చూడటానికి ఊరివాళ్లు కొందరు వచ్చారు. మేడమ్ గారు అలవాటుగా పొద చుట్టూ ఒకసారి తిరిగారు. బురదలో ఒకచోట వంగారు. చాలాసేపు లేవలేదు. నేను వెళ్లి చూశాను. పెద్ద అడుగుల జాడ, దాని పక్కన రూపాయి బిళ్లంత చిన్న అడుగులు. జాడలన్నీ పొదలోకే వెళ్తున్నాయి.

ఆమె లేచి, “ఆపండి,” అన్నారు.

“ఇన్నాళ్లూ కొట్టు కొట్టు అని, ఇప్పుడు ఆపమంటారేంటండి?” అన్నాడు రైతు.

ఈలోగా జేసీబీ డ్రైవరు దిగివచ్చి జాడలు చూశాడు. “ఇది పులండి!”

జనం నాలుగు అడుగులు వెనక్కు వేశారు. ఒకాయన మాత్రం, “పులేంట్రా, బావురుపిల్లి. చేపలన్నీ అదే మేస్తోంది. కర్రలు పట్రండి,” అన్నాడు.

డ్రైవరు మేడమ్ గారి వైపు తిరిగాడు. “తేల్చి చెప్పండమ్మా. పిల్లయితే పొదతోపాటు తొక్కించుకుంటా పోతాను. పులయితే నాకు పిల్లలున్నారండి.”

అందరూ ఆమెనే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. నిరూపణ లేని మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి అని జీవితమంతా ఇతరులను నిలదీసిన మనిషి. పిల్లి అంటే లోపలి పిల్లలు దక్కవు. పులి అంటే తన మాట దక్కదు. పొద లోపల ఎక్కడో ఎండుటాకు చప్పుడైంది.

ఆమె కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“పులి కాదని,” అన్నారు నెమ్మదిగా, “నేనింకా నిరూపించలేదు.”

జేసీబీ వెనక్కు పోయిన వేగం నేను మరెక్కడా చూడలేదు.

తిరుగు రైలులో అడిగాను. “అది పులి కాదని మీకు తెలుసు కదండీ?”

“తెలుసు అనేది పెద్ద మాట, కార్యదర్శి గారూ,” అని కిటికీ వైపు తిరిగారు. పల్లీలబ్బాయి వస్తే పొట్లం కొన్నారు, తెనాలి వచ్చేదాకా విప్పలేదు.

ఆ తర్వాత ఆమెపై అనేక అనుమానాలు వ్యాపించాయి. తుమ్మ కొట్టమన్న మేడమే తుమ్మకు కాపలా కాస్తోందని ఆమె శిష్యులే నవ్వుకున్నారు. వయసు మీద పడిందన్నారు. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. అదివరకు ఎవరైనా వింత కబురు తెస్తే వెంటనే అడ్డుప్రశ్న వేసేవారు. ఆ రోజుల్లో నోరు తెరిచి, మళ్లీ మూసుకునేవారు. అది నాకు కష్టంగా ఉండేది.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం, పదండి బాపట్ల వెళ్దామన్నంత మామూలుగా, అడవులదీవి వెళ్దామన్నారు. పొద ఖాళీ అయింది. తల్లి పిల్లలను నడిపించుకుని డ్రెయిను కాలువ దాటిందని కొత్త జాడలు చెప్పాయి. ఆమె నేరుగా రైతు దగ్గరకు నడిచారు.

“బాబాయ్, అది బావురుపిల్లి. నాకు ఆ రోజే తెలుసు.”

“మాకూ తెలుసండి,” అన్నాడాయన మేత బస్తా దించుతూ. “మా ఊళ్లో పులికేం పనండి? కనీసం సినిమా హాలైనా లేదు.”

“మరి యంత్రాన్ని ఎందుకు పోనిచ్చావు?”

“ఇన్నేళ్లలో మీరు నా మాట ఒక్కటీ నమ్మలేదమ్మా. నేను మీ మాట ఒక్కటి నమ్మినట్టుంటే నా సొమ్మేం పోయింది?”

మేడమ్ గారు ఆధారం అడగలేదు. గట్టు మీదున్న ఆయన కత్తి తీసుకుని, తుమ్మ మీద మొదటి వేటు తానే వేశారు. ముల్లు గుచ్చుకుంది. రక్తం చూసుకుని, “ఇది మాత్రం నిరూపణ అయింది,” అన్నారు. ఆమె అంత గట్టిగా నవ్వడం నాకు అదే మొదలు, అదే చివర.

పెద్దకర్మ అయిన తర్వాత నేను ఒంటరిగా అటు వెళ్లాను. రైతు గట్టు పొడుగునా మిగిలిన తుమ్మను కొద్దికొద్దిగా తీయిస్తున్నాడు. అదే డ్రైవరు. యంత్రం పొద ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు. రైతు ముందుకు వెళ్లి చెప్పులు విడిచి, రెండు చేతులతో చప్పట్లు చరిచి, పొదలోకి వంగి పిలిచాడు.

“లోపల ఎవరైనా ఉన్నారా అండీ?”

ఇద్దరూ నిలబడి విన్నారు. గాలికి ముళ్లు కదిలాయి. ఎవరూ పలకలేదు. అయినా ఇద్దరూ మరికాసేపు ఆగారు.

కావున సకల జనులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఈ డెల్టాలో ఏ పొదను కొట్టువారైనను, మొదట చప్పట్లు చరిచి, లోపలివారిని ‘అండి’ అని సంబోధించి, అనుమతి కోరవలెను. జవాబు రానిచో, లోపలివారు ఆలోచించుకొనుచున్నారని భావించి వేచియుండవలెను. వేచియుండు గడువు లోపలివారే నిర్ణయింతురు. దీనిపై అప్పీలు లేదు.