కిటికీకి అడ్డం పడ్డ ద్రాక్షతీగ

మా తమ్ముడు వాచీలు బాగుచేస్తాడు. ముప్పయ్యేళ్లుగా వీధిగదిలో ఆ ఒక్క కిటికీ ముందే వాడి బల్ల. పెళ్లీ పెటాకులూ లేనివాళ్లం, ఇద్దరం ఒకే ఇంట్లో పడివున్నాం.

నాలుగేళ్ల కిందట ఆ కిటికీ పక్కన ద్రాక్షతీగ నాటాడు. తినే ద్రాక్ష అనుకునేరు! ఆకులు ఎర్రబడితే చూడటానికట. కాయ కొరికితే పళ్లు పులిసిపోతాయి, అవి పిట్టలకట. మందు కొట్టకూడదు, రాలిన ఆకు ఊడ్వకూడదు, పుచ్చిన మొద్దు పురుగుల కోసం మూలన పడుండాలి. నేను చీపురు పట్టుకుంటే చాలు, "అక్కా, అందులో ఎవరో కాపురముంటున్నారు" అంటాడు. నా ఖర్మ.

తీగ కిటికీ అంతా కప్పేసింది. వచ్చిన వాచీలు వచ్చినట్టే ఉండిపోతున్నాయి. ఎప్పుడూ వాడికే ఇచ్చేవాళ్లు ఇద్దరు తమవి వెనక్కి పట్టుకుపోయారు.

"ఆకుల వల్ల వెలుతురు లేదక్కా."

"అయితే కత్తిరించు!"

"పిట్టలు తింటున్నాయిగా. చలికాలంలో కత్తిరించాలి."

చలికాలం వచ్చింది, ఆకులన్నీ రాలాయి. అప్పుడు మబ్బుల వల్ల వెలుతురు లేదన్నాడు. కత్తెర ముట్టుకోలేదు. ఎండలు ముదిరేసరికి తీగ మళ్లీ కిటికీ ఎక్కి కూర్చుంది. వాడి నోటి దగ్గర కూడు లాగేస్తోందని నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న పొద్దున వాడు స్నానానికి వెళ్లగానే కత్తెర తీశాను. పిట్టలు బుర్రున లేచాయి. కిటికీ మేర అంతా కోసి పారేశాను. ఎండ నేరుగా బల్ల మీద పడింది.

వాడు వచ్చి చూశాడు. అరుస్తాడని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. వాడు బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో చిన్న స్క్రూ అందుకోబోయాడు. స్క్రూ ఇక్కడుంటే పట్టకారు అక్కడ పొడిచింది. మళ్లీ పొడిచింది. అంత ఎండలో, గుమ్మం దగ్గరున్న నాకు మెరుస్తూ కనిపిస్తున్నది వాడికి కనిపించడం లేదు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"రెండేళ్లు. తీగ ఉన్నన్నాళ్లూ దాని మీదికి తోశాను. ఇప్పుడు దేని మీదికి తొయ్యనక్కా?"

గుండె చివుక్కుమంది. కోపం మాత్రం పోలేదు. ఈ ముక్క ముందే చెప్తే నా చేతులిలా గీరుకుపోయేవా? ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. వాడి చేతిలోంచి పట్టకారు లాక్కున్నాను.

"రేపు కళ్ల డాక్టరు దగ్గరికి నడుస్తున్నావు. ముందు దీన్ని ఎక్కడ బిగించాలో చెప్పి ఏడు."