దాపట దిక్కు

ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర దశరథం ఆగిపోయాడు. గత ఉద్యోగంలో జరిగిన ఏ ప్రమాదంలోనైనా మీ పాత్ర ఉందా, ఉంటే రాయండి అని ఇంగ్లిష్‌లో ఉంది. నేను తెలుగులో చదివి చెప్పాను.

"లేదని రాయి బిడ్డా," అన్నాడు.

రాశాను. ఆయన ఆ అక్షరాల వైపు కాసేపు చూసి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లెక్కి తన పోర్షన్‌లోకి వెళ్లిపోయాడు.

సాతంరాయిలో మా ఇంటి మేడ మీద ఆయన కిరాయికి ఉంటాడు. నలభై ఆరేళ్లు. భార్య పోయి ఆరేళ్లయింది, కూతురు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. తండ్రి బాలమల్లుకు ఇక్కడికి దగ్గర్లోనే రెండెకరాలుండేవి. ఆ చెలక ఇప్పుడు రన్‌వేకి ఏ పక్కన ఉందో దశరథం కచ్చితంగా చెప్పలేడు. భూమి పోయాక అదే విమానాశ్రయం కట్టేచోట ఏసీ పైపులు మోసే పనికి కుదిరాడు. మోస్తూ మోస్తూ బిగించడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి గుజరాత్‌లో రిఫైనరీలు, ఆ తర్వాత దుబాయి, చివరికి సింగపూర్ దగ్గర ఒక షిప్‌యార్డు.

ఆ యార్డులో ఒక పాత గ్యాస్ ఓడను ఫ్యాక్టరీగా మారుస్తున్నారు. సముద్రం అడుగు నుంచి తీసిన గ్యాసును ఒడ్డుకు తేకుండా ఓడ మీదే చల్లబరుస్తారు. సున్నాకి నూట అరవై డిగ్రీలు కిందికి పోతే గ్యాసు నీళ్లలా మారుతుంది. ఆరు వందల బిందెల గ్యాసు ఒక్క బిందెలో పడుతుంది. ఇవన్నీ దశరథం నాకు బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఓడ సరిపోలేదని రెండు పక్కలా ఉక్కు పెట్టెలు అతికి వెడల్పు చేశారట. ఒక్కొక్కటీ అపార్టుమెంటంత ఉన్న యంత్రాల గుంపులను క్రేన్లతో ఎత్తి పైన కూర్చోబెట్టారట.

"పైపు గూడ సలికి ముడుసుకుంటది. సక్కగ ఏస్తే తెగుతది. అందుకే నడుమల నడుమల వంపులు పెడ్తం," అన్నాడు ఒకసారి.

ఆయన్ని ఇబ్బంది పెట్టింది వంపులు కాదు, పక్కలు. ఓడ మీద కుడి, ఎడమ అనకూడదు. ఓడ ముక్కు వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ పక్క పోర్టు, కుడి పక్క స్టార్‌బోర్డు. మనిషి ఎటు తిరిగినా ఆ పేర్లు మారవు. మొదటి నెలంతా దశరథం రెండూ కలగాపులగం చేశాడు. దారి చూపింది అక్కడే పనిచేస్తున్న శివయ్య. ఇద్దరిదీ ఒకే ఊరు. శివయ్య రెండేళ్లు చిన్న. ఇద్దరూ చిన్నప్పుడు నాగలి పట్టినవాళ్లే.

"అన్నా, గింతేనానే! పోర్టు అంటే దాపట, స్టార్‌బోర్డు అంటే ఎలపట. ముందట నుంచి సూసినా ఎనుక నుంచి సూసినా దాపటెద్దు దాపటెద్దే గద?"

కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఓడంతా ఆ రెండు మాటల మీదే నడిపారు. రేడియోలో, "అన్నా, దాపట పైపు బిగిచ్చిన," అని ఒకరు, "ఎలపట మోటరు బంద్ జెయ్," అని ఇంకొకరు. సైటు ఇంజనీరు నరసింహమూర్తి గారిది రాజమండ్రి వైపు, కాపురం అత్తాపూర్‌లో. చెడ్డ మనిషి కాదు. ఒకరోజు రేడియోలో ఇది విని పది మంది ముందు నవ్వాడు.

"ఏవిటయ్యా దశరథం, ఓడకి ఎడ్లు కట్టారా ఏంటి? నాటు కూడా వేసేయండి మరి!"

అందరూ నవ్వారు. శివయ్య కూడా నవ్వాడు. దశరథం నవ్వలేదు. ఆ రోజు నుంచి నరసింహమూర్తి దగ్గర్లో ఉంటే ఆ మాటలు నోట్లోంచి రావడం మానేశాయి.

ప్రమాదం గురించి ఆయన నాకు చెప్పింది ఫారం నింపిన మర్నాడు. పొద్దున్నే కిందికి దిగి వచ్చి ఫారం బల్ల మీద పెట్టాడు.

"గది కొట్టెయ్ బిడ్డా. అబద్దం."

కొట్టివేతలుంటే ఫారం తీసుకోరని కింద రాసి ఉంది. కొత్తది తెచ్చుకోవాలని చెప్పాను. సరే అని కుర్చీలో కూర్చుని, ఎవరో వేరే మనిషికి జరిగినట్టు చెప్పుకుంటూ పోయాడు.

ఓడ పూర్తి కావచ్చింది. గ్యాసు పంపే ముందు, అంతకంటే చల్లనైన ద్రవ నైట్రోజన్ పంపి పైపులను పరీక్షిస్తారు. ఓడ కింది అంతస్తులో ఒకేలాంటి పైపులు రెండు, ఒక్కో పక్కన ఒకటి. దాపట పైపు పరీక్ష అయిపోయింది, ఖాళీ చేశారు. ఎలపట పైపులో ఇంకా నైట్రోజన్ ఉంది. ఖాళీ అయిన పైపుకు చీటీ కట్టాలి. కట్టాల్సిన వాళ్లు ఇంకా రాలేదు. ఖాళీ పైపు అతుకు విప్పి లోపలి వాషరు మార్చడం శివయ్య పని. అతను కింద రెండు పైపుల మధ్య, ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడ్డాడు. దశరథం పై మెట్టు మీద, అతనికి ఎదురుగా. తెల్ల టోపీలు పెట్టుకున్న కంపెనీ పెద్దలు నలుగురు నరసింహమూర్తితో కలిసి దశరథం వెనకే నిలబడి ఉన్నారు.

కింది నుంచి శివయ్య రేడియోలో అడిగాడు, "అన్నా, ఏ దిక్కుది ఖాళీ?"

దశరథం "దా..." అన్నాడు. అనగానే వెనక నిలబడ్డ నరసింహమూర్తి గుర్తొచ్చాడు. ఆ మాట అక్కడే మింగాడు. పోర్టు అనే మాట వెతికితే దొరకలేదు. తన కుడి చేతి పక్కనున్న పైపు చూసి, "కుడి దిక్కు," అన్నాడు.

దశరథానికి కుడి, శివయ్యకు ఎడమ.

మా ప్రాంతంలో 'దా' అంటే రమ్మని కూడా. దా, కుడి దిక్కు. శివయ్య కుడి పక్కకు జరిగాడు. మొదటి బోల్టు ఊడింది. రెండోది వదులు కాగానే తెల్లటి పొగ. కుడి చేతి తొడుగు తడిసి చేతికి అతుక్కుపోయింది.

రెండు వేళ్ల కొసలు తీసేశారు. మిగిలిన చేతిలో స్పర్శ పోయింది.

విచారణలో తర్జుమా చేసింది నరసింహమూర్తే. శివయ్య ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పాడట, "అన్న సరిగనే చెప్పిండు. నేనే ఉల్టా ఇప్పిన." నరసింహమూర్తి ఇటు తిరిగి, "నువ్వు పోర్టు అనే చెప్పావు కదా దశరథం?" అని అడిగాడు. దశరథం తల ఊపాడు. సూచన పాటించలేదు అని శివయ్య పేరు మీద రాసుకున్నారు.

అది మూడేళ్ల కిందటి మాట. శివయ్య ఇంటికొచ్చాడు. దశరథం ఇంకో ఏడాది ఉండి పని ముగించాడు. ఓడ ఆఫ్రికా వైపు ఎక్కడికో వెళ్లింది. ఆయన తిరిగొచ్చి హిమాయత్ సాగర్ పక్కన లేస్తున్న అపార్టుమెంట్లలో నల్లా పైపులు వేస్తున్నాడు. ఇప్పుడు అలాంటిదే ఇంకో ఓడకు మనుషులు కావాలని శంషాబాద్‌లో ఒక ఏజెన్సీ పిలుస్తోంది. పైపుల మేస్త్రీగా దశరథాన్ని దాదాపు ఖాయం చేశారు. సామాను గదిలో చీటీ చూసి పనిముట్లు అందించే పని శివయ్య అడిగాడు. దానికి రెండు చేతులూ బాగుండాల్సిన పని లేదు. కానీ పాత రికార్డులో ఆ ఒక్క వాక్యం చూసి పక్కన పెట్టేశారు. చెప్పిన మాట వినని మనిషిని ఓడ ఎక్కించరు.

"పదకొండో దాంట్ల నేను నిజం రాస్తే వాని పేరు సాఫ్ అయితది. నా పేరు కరాబైతది. అంతే గద?" అన్నాడు.

అంతే అన్నాను.

కొత్త ఫారం తెచ్చాడు. నిజం రాయించాడు. దానితో పాటు ఏజెన్సీకి వేరే ఉత్తరం కూడా. ఇచ్చే ముందు శివయ్యకు చదివి వినిపించాలన్నాడు. ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి నన్నూ రమ్మన్నాడు.

శివయ్య ఇల్లు హైవే పక్క సందులో. మేం వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. భార్య భారతమ్మ చాయ్ తెచ్చింది. మా గ్లాసులు చేతికిచ్చి, శివయ్య గ్లాసు మాత్రం అతని ఎడమ పక్కన కింద పెట్టింది. కుడి చేత్తో పట్టుకుంటే కాలినా తెలియదు. నిరుడు అలాగే బొబ్బలెక్కిందట.

నేను ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. రెండు పక్కలు, దా అనే సగం మాట, కుడి దిక్కు, తల ఊపడం. చదువుతున్నంతసేపూ దశరథం గడప చూస్తున్నాడు.

అయిపోయాక శివయ్య ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాడు.

"గిదానికి ఇంగ్లీషెందుకే అన్నా? నాకు ఎర్కలేదా? రేడియోల ఇన్నది నేనే గద."

"మరి నాకెందుకు జెప్పలే?"

"ఏం జెప్పాలె? ఇద్దరం ఇంటికొచ్చి ఇద్దరం ఈనెలు తియ్యాల్నా?"

దశరథం చాయ్ గ్లాసు చేతిలో తిప్పాడు. శివయ్య కొంచెం నవ్వి, "నువ్వు దా అన్నవ్. నేను వచ్చిన. పిలిస్తె రాకుంటె మళ్ల అలుగుతవ్," అన్నాడు.

ఎవరం నవ్వలేదు. భారతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. ఆమెకు ఇదంతా ఇప్పుడే తెలిసింది.

"రెండేండ్లు అన్నా," అంది. గొంతు పెంచలేదు. "వారం వారం వచ్చి గీ గడప మీదనే కూసున్నవ్. చాయ్ తాగినవ్. నేను ఈయన్ని నీ ముందట్నే తిట్టిన. సెవులు లేవా, సెప్పిన మాట ఇనవా అని. నువ్వు ఇనుకుంట కూసున్నవ్."

"అవునమ్మా," అన్నాడు దశరథం.

"అవునమ్మా అట!"

"ఇగ ఇడిసిపెట్టు," అన్నాడు శివయ్య.

"నువ్వు నడుమల మాట్లాడకు. నీకు చెయ్యొక్కటే పోయిందనుకున్న. సిగ్గు గూడ పోయింది."

ఆమె వచ్చి దశరథం చేతిలోని గ్లాసు తీసుకుంది. సగం చాయ్ అలాగే ఉంది. వాకిట్లో పారబోసి, గ్లాసు కడిగి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. మేం కాసేపు కూర్చుని లేచాం. దారిలో ఆయన చికెన్ షాపు దగ్గర ఆగి, ఉత్తరంలో తన పేరు స్పెల్లింగ్ సరిగా ఉందా అని ఒకసారి అడిగాడు. ఉందన్నాను.

ఏజెన్సీ వాళ్లు ఉత్తరం పైకి పంపారు. నెల రోజుల తర్వాత జవాబు వచ్చింది. దశరథాన్ని తీసుకోరు. శివయ్యను సామాను గదికి తీసుకుంటారు. ఆ కాగితం కూడా నేనే చదివాను. ఆయన చేతులు తుడుచుకుని తీసుకుని, రెండుగా మడిచి శివయ్యకు ఇచ్చి రావడానికి బయల్దేరాడు. సంతోషంగా ఉందా అని అడగాలనుకున్నాను. ఆ మొహం చూస్తే ఏమీ అడగబుద్ధి కాలేదు. నల్లా బిగించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే నిఘంటువు తీసి దాపట కోసం చూశాను. దాపట, దాపల అంటే ఎడమ అని ఉంది. దాపు అంటే దగ్గర అని అదే పేజీలో ఉంది. ఆయనకు చెప్పలేదు.

శివయ్య వెళ్లే రోజు పొద్దున భారతమ్మే మనిషిని పంపింది. సామాను ఎత్తడానికి దశరథన్నను రమ్మని. కబురులో అన్న అనే మాట ఉంది, ఇంకేమీ లేదు. ఊరి పక్కనే విమానాశ్రయం కాబట్టి అందరం ఒకే ఆటోలో వెళ్లాం. సుమారు ఇరవై ఏళ్ల కిందట తాను పైపులు మోసిన ఆ కట్టడాన్ని దశరథం తలెత్తి చూడలేదు. పెట్టెలు దించి ట్రాలీ మీద పేర్చాడు. శివయ్య ట్రాలీ కడ్డీని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడి చెయ్యి ఊరికే ఆనించాడు.

లోపలికి పోయే ద్వారాలు రెండు వైపులా ఉన్నాయి. జనం తోసుకుంటున్నారు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. దశరథం ద్వారాలకు వీపు పెట్టి, ట్రాలీకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. శివయ్య టికెట్ కాగితం తీసి చూసి అడిగాడు.

"అన్నా, ఏ దిక్కు పోవాలె?"

దశరథం వెనక్కి తిరిగి ద్వారాల మీది నంబర్లు చూశాడు. కాగితం మీదిది చూశాడు. మళ్లీ ఇటు తిరిగాడు. సూటు వేసుకున్న ఒకాయన సూట్‌కేసు లాక్కుంటూ పక్కనే ఆగి, మేం జరుగుతామేమోనని చూస్తున్నాడు.

"దాపట," అన్నాడు దశరథం, అందరికీ వినపడేట్టు. "దాపట దిక్కు పో."

సూటాయనకు అర్థం కాలేదు. శివయ్య ట్రాలీని ఎడమకు తిప్పాడు. ద్వారం దగ్గర పోలీసుకు కాగితాలు చూపించి లోపలికి పోయాడు. భారతమ్మ అద్దాల గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. దశరథం నా పక్కనే ఉన్నాడు. కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటే ఎడమ చేత్తో నొక్కుకుంటున్నాడు, తిమ్మిరి పట్టినవాడిలా.

కాసేపటికి భారతమ్మ తిరిగి వచ్చింది.

"ఇగ పోదాం పాండ్రి," అంది మా ఇద్దరితో.

ఆటోలో ముగ్గురం కూర్చున్నాం. సాతంరాయి దగ్గర దిగాక దశరథం సంచి భుజాన వేసుకుని హిమాయత్ సాగర్ వైపు వెళ్లాడు. మూడో అంతస్తులో బాత్రూం పైపులు సగంలో ఉన్నాయి.