బరీ ద హ్యాచెట్‌కు ఒక ఉదాహరణ

తిరుపతిలో ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఇంగ్లీషులో వ్యాసం రాయడం నేర్పి బతుకుతున్నాను. పాత పగల గురించి రాసే మాటల దగ్గర నాకు ఎక్కడలేని చాదస్తం. బస్సులో సీటు కోసం తిట్టుకున్న ఇద్దరిని పట్టుకుని ‘ఫ్యూడ్’ అని రాస్తే కొట్టేస్తాను. అది ఏళ్ల తరబడి సాగాలి, ఇంటిల్లిపాదికీ అంటుకోవాలి. ‘బ్యాడ్ బ్లడ్’ అంటే మనుషుల మధ్య పాత వైరం; ఒకడు వాళ్ల తాత షుగరు జబ్బును అలా రాశాడు. వాడికి దండం పెట్టాను. ‘బరీ ద హ్యాచెట్’ అయితే ఇద్దరూ పగ వదిలేసినప్పుడే రాయాలి, ఒక్కరు తగ్గితే చాలదు.

మొన్న ఒకమ్మాయి దానికి ఉదాహరణ అడిగింది. నోరు ఊరుకోక మా ఇంటి సంగతి ఎత్తుకున్నాను.

నగరిలో మాది నేతపని. నాయన, చిన్నాయన మగ్గాల కొట్టం పంచుకునేటప్పుడు అడ్డుగోడ విషయంలో మాటా మాటా అనుకుని, పదిహేనేళ్లు పలకరించుకోలేదు. మా వీధిలో పడుగు నూలును బారుగా సాగదీసి, గంజి పెట్టి ఆరబెడతారు. మాటల్లేని ఇంటి పడుగును ఎవరూ ముట్టరు. పట్టుకున్నారంటే మాట కలిసినట్టే.

ఒకరోజు మా పడుగు వీధిలో ఉండగానే వాన ముంచుకొచ్చింది. పక్కింటి నుంచి చిన్నాయన పరుగున వచ్చాడు. నాయన ఒక కొస ఆయన చేతికిచ్చాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నాయన కోపాన్ని మోయడం కొడుకుగా నా పని అనుకునేవాణ్ణి.

“మా పడుగు మీద చెయ్యెయ్యొద్దు చిన్నాయనా! ఇన్నేండ్లు యాడికి పోయినావు?” అని వీధంతా వినేలా అరిచాను.

ఆయన ఆ కొస తెచ్చి నా చేతిలో పెట్టి, తడుస్తూ వెళ్లిపోయాడు.

నూలు లోపలికి చేరాక నాయన అన్నాడు: “వాడు మాట కలపాలనే వచ్చినాడురా. నేనూ దానికే కొస ఇచ్చినా. నడమ నువ్వెవురు?”

తర్వాత నాయన రెండుసార్లు వెళ్లినా చిన్నాయన తలుపు తియ్యలేదు. రెండేళ్లకు ఆయన పోయినప్పుడు వాళ్లింటివాళ్లు మమ్మల్ని శవం దగ్గరికి రానివ్వలేదు. నాయన వీధి చివర నిలబడి ఏడ్చాడు. నాకు ఏడ్చే హక్కు కూడా లేదనిపించింది.

క్లాసులో ఇదంతా చెప్పలేదు. అన్నదమ్ముల పగ, వాన, పడుగు, అంతవరకే చెప్పి, చివరికి మాట కలవలేదన్నాను.

“అయితే తప్పు ఎవరిది సార్? మీ నాయనదా, చిన్నాయనదా?” అని ఆ అమ్మాయి అడిగింది.

“ఇద్దరిదీ” అన్నాను. పిల్లలు రాసుకున్నారు.