గుండీలక్క అటాచ్ పుస్తకం

మా కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు తీసేది నేను, అంటే గుండీలు దూరే కంతలు. ఆ చొక్కాలకే గుండీలు కుట్టేది నా పక్క మిషన్ గుండీలక్క. ఇరవై రెండేళ్ళు అలా పక్కపక్కనే కూర్చున్నాం. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. నన్ను మాత్రం "ఏమే కాజా, పొద్దున్నే మొహం అలా పెట్టావ్? మీ ఆయన పలకరించాడా ఏంటి?" అని ఆటపట్టించేది.

ఆమె చదువు ఎనిమిది వరకే. ఇంగ్లీషంతా పని కాగితాల మీద ఏరుకున్నదే. మాకు ఏ పనొచ్చినా ఇంగ్లీషులో ఒక కాగితం వస్తుంది. అందులో వరసకో "అటాచ్" ఉంటుంది. కాలర్ అటాచ్, జేబు అటాచ్, లేబుల్ అటాచ్. అటాచ్ అంటే కుట్టడమే అనుకుని మేమంతా బతికేశాం. ఒకసారి కొత్తగా చేరినామె "అటాచ్డ్ సాంపిల్ చూడండి" అన్న కాగితానికి పిన్నుతో గుచ్చిన గుడ్డముక్కను చూసి, దాన్ని కూడా చొక్కాకు కుట్టాలనుకుంది. చొక్కాకొకటి చొప్పున అరవై ముక్కలివ్వమని కటింగ్ వాళ్ళ మీద కేకలేసింది. వాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు, ఆమె బాత్రూంలో దూరి ఏడ్చింది. గుండీలక్క నవ్వలేదు. "తెలియకపోవడం దాని తప్పా? చెప్పనివాళ్ళది" అంది.

ఆ వారమే లావుపాటి రికార్డు పుస్తకం ఒకటి కొని తెచ్చింది. అటాచ్ అన్న మాటకున్న ఒక్కో వాడుకకు ఒక్కో పేజీ. మొదటి పేజీకి నిజం గుండీనే కుట్టేసింది. రెండో పేజీలో గుడ్డముక్కను పిన్నుతో గుచ్చి "ఇది కుట్టొద్దు తల్లీ, చూడు చాలు" అని రాసింది. ఇంకోచోట కవరు అంటించి అందులో మడతపెట్టిన చీటీ ఉంచింది, ఉత్తరంతో పాటు పంపేదాన్ని కూడా అటాచ్ అంటారని. ఐదో లైను మనిషిని మూడో లైనుకు అటాచ్ చేశారంటే ఉద్యోగం పోయినట్టు కాదు, కొన్నాళ్ళకు వెనక్కి వస్తావు, కంగారు పడకు అని మరో పేజీ. అటాచ్డ్ బాత్రూం బొమ్మ కూడా వేసింది, తలుపు ఎక్కడుందో దేవుడికే తెలియాలి! చివరికి మనిషికీ మనిషికీ ఉండే అటాచ్‌మెంట్ దగ్గర ఆగిపోయింది. దానికేం పెట్టాలో తోచలేదు. రెండు రోజులాలోచించి, పోయిన మొగుడి చొక్కా నుంచి ఒక గుండీ కోసి అక్కడ కుట్టింది. ఆ పేజీలో ఏమీ రాయలేదు.

ఇదంతా భోజనాల వేళ, మిగతావాళ్ళు తినడానికి బయటికి వెళ్ళినప్పుడు, నా మిషన్ పక్కన గుడ్డల మూట మీద కూర్చుని చేసింది. పేజీ జారకుండా పట్టుకున్నది నేను. నా ఈ చేతులతోనే పట్టుకున్నాను.

అప్పటికే ఆమె కుడి బొటనవేలికి స్పర్శ పోయింది. గంటకు కుట్టాల్సిన లెక్క అందడం లేదు. ఈ ఆర్డరు అయిపోగానే ఇంటికి పొమ్మంటారని అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే కొత్తవాళ్ళకు పని నేర్పే ట్రైనర్ కావాలని బోర్డు పెట్టారు. కూర్చుని చెప్పే పని. బొటనవేలితో అవసరం లేదు. ఎలా నేర్పుతారో చూపించినవాళ్ళకే ఇస్తామన్నారు. "అక్కా, ఈ పుస్తకం చూపించు, ఆ కుర్చీ నీదే" అన్నాన్నేను.

గుండీలక్కకు ఒక తోటికోడలుంది. మా లైను సూపర్‌వైజరు. ఆమెను చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీకి తెచ్చిందీ, సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ గుండీలక్కే. ఆ మహాతల్లి వచ్చి, "అక్కా, నేను రోజూ ఆఫీసులోకి వెళ్ళేదాన్నేగా, పుస్తకం నేనిస్తాలే" అంది. తోడబుట్టిన చెల్లెలికంటే ఎక్కువగా చూసుకుంది కదా, ఇచ్చేసింది.

ఇచ్చేముందు ఒక పని చేసింది. మా దగ్గర ప్రతి చొక్కాల కట్టకూ కుట్టినవాళ్ళ నంబరు చీటీ ఉంటుంది. సరుకు పైకి, అంటే పెద్దవాళ్ళ చెకింగుకు వెళ్ళేముందు ఆ చీటీ కోసి, దారం పోగులు కత్తిరించాలి. పుస్తకం మొదలుపెట్టిన రోజే ఆమె తన నంబరు చీటీని అట్టకు కుట్టుకుంది. ఇప్పుడు చిన్న కత్తెర తీసి, దాన్ని తనే టక్కున కోసేసింది.

"అయ్యో, అదెందుకక్కా తీశావ్?"

"చీటీతో పైకి పంపితే రిజెక్ట్ చేస్తారే, పిచ్చిదానా."

నాకూ అది సబబుగానే తోచింది. చీటీ ఉన్న సరుకును మేం జన్మలో పైకి పంపలేదు.

పది రోజులకు బోర్డు మీద ట్రైనర్ పేరు పడింది. తోటికోడలిది! సొమ్మొకరిది, సోకొకరిది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. గుండీలక్క బోర్డు రెండుసార్లు చదివింది. చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. పది నిమిషాలకు నన్నూ రమ్మన్నారు.

బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. తోటికోడలు కళ్ళొత్తుకుంటూ నిలబడింది. "అక్క సాయం చేసింది సార్, కాదనను. దారాలెక్కించి ఇచ్చింది. కానీ ఆలోచనంతా నాది."

మేనేజరు ఆఖరి పేజీ తిప్పి, "మరి ఈ గుండీ ఏంటి? దీనికింద ఏం రాయలేదే?" అన్నాడు.

"అది ఊరికే సార్, అందానికి."

గుండీలక్క నోరు తెరుచుకుని ఆమెకేసి చూసింది. "అందానికా? మీ బావగారి చొక్కాదే అది! ఆయన పోయిన రోజు నా పక్కన కూర్చుని ఏడ్చింది నువ్వే కదే!" తోటికోడలు తల దించుకుంది కానీ మాట మార్చలేదు.

అప్పుడు గుండీలక్క నావైపు తిరిగింది. మొహంలో కాస్త ధైర్యం వచ్చింది. "సార్, మా కాజానడగండి. పక్కనే ఉంది. అంతా చూసింది."

అంతకు వారం ముందే ఆ తోటికోడలు మా అమ్మాయిని ప్యాకింగ్‌లో పెట్టిస్తానని మాటిచ్చింది. మా అమ్మాయి ఏడాదిగా ఇంట్లో ఖాళీగా ఉంది. మేనేజరు "చూశావా?" అనడిగాడు. "తెలీదు సార్. పనిలో పడితే నేను మిషన్ మీంచి తలెత్తను" అన్నాను.

గుండీలక్క కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. "అది నా తోటికోడలు, దాని సంగతి సరే. నువ్వు కూడానా?" అంది. బయటికి వచ్చి మిగిలిన గుండీలు కుట్టింది. ఆర్డరు అయిపోయే దాకా, అంటే ఇంకో పన్నెండు రోజులు, నా పక్కనే కూర్చుంది. నన్ను కాజా అని మళ్ళీ పిలవలేదు. నేను తలెత్తకుండా కాజాలు తీశాను. తర్వాత ఆమె మళ్ళీ రాలేదు.

మా అమ్మాయి ప్యాకింగ్‌లో చేరింది. కొత్త కదా, మొదటి వారం ఆ తోటికోడలి దగ్గరే ట్రైనింగ్. రెండోరోజు సాయంత్రం అన్నం తింటూ, "అమ్మా, మా మేడమ్ చేసిన పుస్తకం ఎంత బావుందో తెలుసా! నువ్వు అదే లైన్లో ఉన్నావుగా, ఆవిడ చేస్తుంటే చూశావా?" అంది.

"చేసింది ఆవిడ కాదే. గుండీలక్క. నేను చూశాను."

"మరి సార్‌తో చెప్పలేదా?"

"నీ ఉద్యోగం కోసం చెప్పలేదు."

దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నావైపు చూసింది. ఆ అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది. మర్నాడు పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కి పనికి వెళ్ళాం.