ఎలాగూ గెలిచే మనిషి

అమెరికాలోని చాండ్లర్ తెలుగు సంఘం ఎన్నికల్లో కేశవరావు ఓటమి ఎరగడు. అలాంటివాడి బుర్రలో అనుమానపు పురుగు వదిలింది ఆఫీసులో పక్క సీటు నకావో. జపాన్‌లో నకావో వాళ్ల పాత నియోజకవర్గానికి ముగ్గురు ఎంపీలట, మనిషికి ఓటు మాత్రం ఒక్కటేనట. దాంతో ఒకే పార్టీవాళ్లు ఒకరి ఓట్లు ఒకరు లాక్కునేవారట. తప్పక గెలుస్తాడన్నవాడే మునిగేవాడట.

సంఘంలోనూ అంతే: మూడు పదవులు, ఒక్క ఓటు. ఇక తన ప్యానెల్‌లోని రఘు ఎవరికి టీ అందించినా కేశవరావు కంటికి కుట్రే. చివరికి మూడో పదవి దగ్గర రఘు చేతిలోనే ఒక్క ఓటు తేడాతో ఓడాడు.

కారెక్కుతూ పళ్లు నూరాడు. "ఆ రఘుగాడు ఎవరి ఓటు లాగాడో కనిపెడతా!"

"నాదేనండీ," అంది భార్య ఉమ, సీటు బెల్టు పెట్టుకుంటూ. "పాపం, ఆయనకి టైట్‌గా ఉందన్నారు. మీరెలాగూ గెలుస్తారు కదా అని..."