సలోమక్క పూట

2023 చలికాలం. కర్నూలులో ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కు నేను ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. పాడైన కిడ్నీలకు బదులు మిషన్ రక్తాన్ని శుభ్రం చేసేది అక్కడే. మా సిస్టర్లలో ఎక్కువమంది క్రైస్తవులు కాబట్టి క్రిస్మస్ డ్యూటీ ఏటా నేనే చేస్తాను. రంజానుకు వాళ్లు నా డ్యూటీ చేస్తారు. ఇందులో మాకెప్పుడూ పేచీ రాలేదు. పేచీ అంతా పేషెంట్లతోనే.

బనగానపల్లె దగ్గరి పల్లె నుంచి సలోమి వచ్చేది. మామిడి తోటల్లో కూలి చేసిన మనిషి. ఆమెది పొద్దుటి షిఫ్టు. ఆ ఏడు క్రిస్మస్ సరిగ్గా ఆమె డయాలసిస్ రోజునే పడింది.

"ఏసయ్య పుట్టిన పూట మందిరంలో ల్యాకపోతే ఎట్ల సిస్టరమ్మా?"

"పోయినేడు ఒకసారి మందిరానికని ఇట్లే మానేసి, మర్సటి రోజు ఊపిరాడక స్ట్రెచర్ మీద వచ్చినావు. మర్చిపోయినావా?"

"దేవుడు ఉంచినాడు గదా."

"ఈడ నేనూ ఉండాను. నా మాట గూడా ఇను."

గట్టిగానే అన్నాను. ఊపిరితిత్తుల్లో మళ్లీ నీరు చేరితే ఆమె బతకదని డాక్టరు చెప్పారు. సలోమి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చిన ఈరమ్మ అది చూసింది. ఆమెది ఆలూరు వైపు. కార్తీక పౌర్ణమి నాడు సలోమి తన పొద్దుటి పూట ఇవ్వబట్టే, ఈరమ్మ దీపాల వేళకు ఇల్లు చేరింది.

"అక్కకు నా మద్దేనం ఇయ్యి సిస్టరూ. ఆ పొద్దు నేనొస్తా."

"ఈ చలికి ఆలూరు నుంచి ఎట్లొస్తావు?"

"మొదటి బస్సుకొస్తా. దీపాలప్పుడు అక్క నాకు ఇయ్యలేదా?"

అన్నట్టే క్రిస్మస్ నాడు దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చింది. మిషన్ దిగాక కూడా బస్సుకు పోకుండా బెంచీ మీద కూర్చుంది. సలోమి రావాల్సిన మధ్యాహ్నం వేళ దాటింది. నేను రెండుసార్లు గేటు దాకా వెళ్లి చూసొచ్చాను.

"వస్తాదిలే," అంది ఈరమ్మ.

తెల్ల చీరలో, ఆటో దిగి, ఆయాసపడుతూ సలోమి వచ్చింది. కాటా ఎక్కించాను. మా పేషెంట్లు తాగే నీళ్లు మిషన్ తీసేదాకా ఒంట్లోనే ఉండిపోతాయి. ఒంట్లో నీరు లేనప్పటి బరువును మేము డ్రై వెయిట్ అంటాం. దానికి మించి ఆమె అంత తక్కువ పెరగడం నేనెప్పుడూ చూడలేదు.

"విందు తిన్లేదా?"

"రెండు ముద్దలు తిన్నా. నిన్నట్నుంచి నోరు తడుపుకోవడమే సిస్టరమ్మా. ఈరమ్మ నా కోసరం చలికి లేసి వచ్చె. నేను నీళ్లు తాగి వస్తే బాగుంటాదా?"

కొంగున కట్టి తెచ్చిన కేకు ముక్క ఈరమ్మ చేతిలో పెట్టింది. పథ్యం మాట ఎత్తకుండా నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

తర్వాత ఒక ఎండాకాలం సలోమి గుండె ఆగిపోయింది. చాలా ఏడ్చాను. ఆమె పొద్దుటి పూట ఇక ఈరమ్మకు ఇచ్చాను. క్రిస్మస్ దగ్గరపడగానే ఈరమ్మ వచ్చి నిలబడింది.

"పండగనాడు నాకు మద్దేనం ఇయ్యి సిస్టరూ. అక్క మందిరానికి పొయ్యొస్తా. ఆ పొద్దు అక్కది. నేను వాడుకోకూడదు."

పండగ మానుకోమని చెప్పడం మాకు సులువు. సలోమి తర్వాత నేనెవరికీ ఆ మాట చెప్పలేదు. పూట మార్చుకునేవాళ్లు ఉన్నారేమో ముందు అడుగుతాను.

ఆ క్రిస్మస్ మధ్యాహ్నం ఈరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. కాటా ఎక్కించి బరువు చూశాను. ఆమె కూడా ముందురోజు నుంచి నీళ్లు ముట్టలేదు.