జున్ను గిన్నె ముందు నా పాఠం

ఆ రోజుల్లో నాకు ఇరవై ఒక్కేళ్లు. నాకు తెలియనిది లేదని, తెలియనివాళ్లకు చెప్పడానికే పుట్టానని గట్టి నమ్మకం. కల్హేర్ పక్క పల్లెలో కొత్త నర్సుగా చేరి, బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించాలని చెబుతూ, బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. (ఆ పుస్తకంలో తల్లులందరూ నవ్వుతుంటారు. నాకు ఎదురైన అత్తలెవరూ నవ్వలేదు.)

ఒకరోజు పొద్దున్నే ఒక ఇంటికి వెళితే, అక్కడి అవ్వ చేతిలో దూదివత్తి, చక్కెరనీళ్ల గిన్నె. మనవరాలు ముందురోజు సాయంత్రం పుట్టింది. పసుపుపచ్చని మొదటి పాలు చెడ్డవట, మూడు రోజులు పిండి పారబోయాలట. లోపల పిల్ల ఏడుపు సన్నబడుతోంది. నాకు భయం వేసి, పుస్తకం తెరిచి గడగడా చదివేశాను. "పెండ్లిగాని పిల్లవు, పాల సంగతి నీకేం ఎరుకనే? ముందుగాల గిది తిను" అంటూ అవ్వ జున్ను గిన్నె నా ముందు పెట్టింది. వాళ్ల బర్రె ఈని రెండు రోజులైందట. వద్దనాలనే అనుకున్నాను. (జున్ను వద్దనడం మాకు శిక్షణలో నేర్పలేదు.) రెండోసారి పెట్టించుకుంటుండగా అవ్వ, కొట్టంలో దూడను పక్కకు లాగి బర్రెను పిండుతున్న కొడుకు మీద అరిచింది. "ఓరి, అంతా పిండకురా! దుడ్డె కడుపునిండ తాగినంకనే మనకు. గా పాలు తాగకుంటే అది బతుకుతదా?" నా చెయ్యి ఆగిపోయింది. నోటినిండా జున్నుతోనే అడిగాను, "మరి గా లోపల ఏడుస్తున్నది ఎవరి దుడ్డె అవ్వా?" అవ్వ నన్ను చూసింది, గిన్నెను చూసింది. "ఓ కోడలా, ఇగ పిల్లనెత్తుకొని పాలియ్యి" అని కేకేసింది. కాసేపటికి ఏడుపు ఆగింది.

మూడేళ్ల తర్వాత నారాయణఖేడ్ దవాఖానలో నాకు కూతురు పుట్టింది. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తమ్మే చూసుకుంది. వాళ్లు నాగల్‌గిద్ద దగ్గరి కన్నడంవాళ్లు. వాళ్లింట్లో మొదట నాలుక మీద ఆముదం, తర్వాత తేనె, తల్లిపాలు మూడో రోజుకే. ఊళ్లన్నిటికీ పాఠం చెప్పిన నాకు అత్తమ్మ ముందు నోరు పెగల్లేదు. బిడ్డ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అంతలో నన్ను చూడ్డానికి ఆ పల్లె అవ్వ వచ్చింది, చేతిలో జున్ను డబ్బాతో. అత్తమ్మకు గిన్నెడు పెట్టి, ఆమె రుచి చూసేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది. "గా ఏడుస్తున్నది ఎవరి దుడ్డె వదినా?" అత్తమ్మ తేనె వేలు కొంగుకు తుడుచుకుని బిడ్డను నా ఒడిలో పెట్టింది.

ఇప్పుడు అవ్వ లేదు. జున్ను ఎదురైతే ఇప్పటికీ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, ఎక్కడైనా పిల్ల ఏడుస్తోందేమోనని ఒక్క క్షణం చెవి ఒగ్గుతాను. నాలోని ఆనాటి పంతులమ్మ గుర్తొచ్చి నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అన్నీ తెలిసిన ఆ పిల్లకు, ఆ ఒక్క ప్రశ్న తన బిడ్డ కోసం అడగడం చేతకాలేదు.